డాక్టరు గీసిన సున్నా

రేపల్లె,
10-7-1986

వదినగారికి,

మీ మరదలు రూతు వందనాలు. అన్నయ్యగారూ పిల్లలూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. మీరు పంపిన మాగాయ చేరింది. మీ తమ్ముడు రెండు పూటలా దాంతోనే తింటున్నారు. నేను వండిన కూరల వంక చూడటం కూడా మానేశారు.

నిన్న మన సువార్తని తెనాలి తీసుకెళ్లాం. జబ్బేం కాదండి, ఏడాదిన్నరకి వేయించాల్సిన బూస్టర్ సూది కోసం. కాలవలకి నీళ్లొదిలే రోజులు కదా, మీ తమ్ముడికి సెక్షన్ ఆఫీసులో సెలవు దొరకలేదు. నేనూ మామయ్యగారూ కలిసి పాసింజర్‌లో వెళ్లాం. ఆయన ఇస్త్రీ పంచె కట్టుకుని, బడికి ఇన్‌స్పెక్టరు వచ్చే రోజులాగా తయారయ్యారు. వేమూరు దాకా పాపకి కిటికీలోంచి గేదెల్ని చూపిస్తూనే ఉన్నారు.

అక్కడ పిల్లల డాక్టరు పూర్ణచంద్రరావుగారు పాపని తూచి పెదవి విరిచారు. మెడ రెండు పక్కలా వేళ్లతో తడిమి చూసి, "గడ్డలు తగులుతున్నాయే! ఇంట్లో ఎవరికన్నా దగ్గుందా అమ్మా?" అన్నారు. లేదండి అనబోతుండగానే నా వెనకాల మామయ్యగారు దగ్గారు. ఆయనది చుట్ట దగ్గని మనకి తెలుసు. డాక్టరుగారికి ఏం తెలుసు? ఆయన వంక అదోలా చూశారు.

బూస్టర్ ఇవాళ వద్దన్నారు. పాప ఎడం చేతికి మోచేతి కింద చర్మంలోకి చిన్న సూది గుచ్చి, నల్ల పెన్నుతో దాని చుట్టూ సున్నా గీశారు. టీబీ ఉందో లేదో తేల్చే పరీక్షట. "శనివారం తీసుకురండి. నీళ్లు తగలనివ్వద్దు, గోకనివ్వద్దు" అన్నారు.

ఆ మాట విన్న దగ్గర్నుంచి పాప మెడ తడిమి చూస్తూనే ఉన్నాను వదినా. నాకేమో మిషన్ బళ్లో వరసగా సెలవులివ్వరు. ఇవాళా రేపూ పాపని మామయ్యగారే చూసుకోవాలి. చెయ్యి జాగ్రత్తండీ అని పదిసార్లు చెబితే, "బళ్లో మందలు మందలు పిల్లల్ని కాసినవాణ్ణి, ఒక్క పిల్లని కాయలేనా?" అని నవ్వారు. మీ ప్రార్థనలో మమ్మల్ని తలచుకోండి.

మీ రూతు

బాపట్ల,
12-7-1986

రూతూ,

నీ ఉత్తరం చూసి ముందు నవ్వొచ్చింది, ఆనక ఒళ్లు మండింది. పిల్ల బక్కగా ఉంటే టీబీయేనా? నీ మొగుడు ఆ వయసులో ఎలా ఉండేవాడనుకున్నావు? చంకనేసుకుంటే వాడి ఎముకలు నా డొక్కలో గుచ్చుకునేవి. అమ్మ పోయాక వాణ్ణి మోసింది నేనే కాబట్టి చెబుతున్నా. ఇప్పుడు చూడు, కుర్చీలో పట్టట్లేదు.

సూది కోసం వెళ్తే సూది వేసి పంపక ఈ సున్నాలేంటి, చుట్టడాలేంటి! డాక్టర్లన్నాక ఏదో ఒకటి అంటారు. అన్నదల్లా పట్టుకుని నువ్వు కంగారుపడి, నాన్నని కంగారుపెట్టకు. పిల్లకి గుడ్డు పెట్టు, నెయ్యి వెయ్యి. పంతులమ్మ ఇంట్లో పిల్ల సన్నగా ఉందంటే అది మీ వంటకే అవమానం.

నాన్నని చుట్ట తగ్గించమని చెప్పు. నా మాట వినడు, నీ మాటైతే వింటాడు. కోడలంటే ఆయనకి నా కన్నా ఒక పాలు ఎక్కువే, నాకు తెలీదనుకోకు.

సామ్రాజ్యం

తెనాలి,
12-7-1986

వదినగారికి,

ఆసుపత్రి వరండాలో కూర్చుని రాస్తున్నాను. పాప నా ఒళ్లో నిద్రపోతోంది. ఎక్స్‌రే కోసం కూర్చున్నాం.

చెయ్యి చూడగానే డాక్టరుగారి మొహం మారిపోయింది. నిన్న నేను బడి నుంచి వచ్చేసరికే ఎర్రగా కంది ఉంది. పొద్దుటికి ఆ సున్నా మొత్తం పొంగి, బొబ్బలు కట్టి, రసి కారుతోంది. సిరా చర్మంలోకి దిగిపోయినట్టు చుట్టూ నల్లగా ఉంది. ఆయన స్కేలు పెట్టి కొలిచి, "ఇంత గట్టిగా రావడం నేను చూళ్లేదమ్మా. ఇక అనుమానం లేదు" అన్నారు.

పిల్లలకిది పెద్దవాళ్ల దగ్గర్నుంచే అంటుకుంటుందట. ఎక్కడ్నుంచో ఊరికే రాదట. ఇంట్లో దగ్గే మనిషిని వెంటనే పరీక్ష చేయించి, పిల్లకి దూరంగా ఉంచమన్నారు. రోజూ ఒక ఇంజెక్షను, రెండు రకాల మందులు, నెలల తరబడి వాడాలి. ఇంజెక్షను వల్ల ఒక్కోసారి చెవులు దెబ్బతినొచ్చట, కనిపెట్టుకుని ఉండమన్నారు.

మామయ్యగారు ఎక్స్‌రేకి డబ్బు కట్టి వచ్చి, గుమ్మం దగ్గర నిలబడి ఈ చివరి మాటలన్నీ విన్నారు. బయటికొచ్చాక ఆయనే అన్నారు, "నేను సోమవారం బండికి అమ్మాయి దగ్గరికి బాపట్ల పోతాలే రూతూ." పాప ఆయన మీదకి చేతులు చాపింది. ఆయన ఎత్తుకోలేదు. రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నారు.

వదినా, వద్దండీ అని నా నోట రాలేదు. అనాలని కూడా అనిపించలేదు. నిజం రాస్తున్నాను, తిట్టుకోండి. ఆయన్ని అక్కడ డాక్టరుకి చూపించండి. మీ పిల్లల్ని కూడా ఆయన దగ్గర పడుకోబెట్టకండి.

రూతు

బాపట్ల,
20-7-1986

రూతూ,

సోమవారం నాన్న దిగాడు. చేతిలో సంచి, చంకలో తువ్వాలు మూట. మూటలో ఏముందో తెలుసా? ఆయన కంచం, ఆయన గ్లాసు. నా ఇంటికి ఆయన కంచం ఆయనే మోసుకొచ్చుకున్నాడు! "ఏంటి నాన్నా ఇది?" అంటే, "నా వాటిలోనే పెట్టమ్మా, విడిగా కడుక్కుంటా" అన్నాడు. నేను వసారాలో కూర్చుని ఏడ్చాను. మీ అన్నయ్యగారు ఆ పూట అన్నం ముట్టలేదు.

ఊరుకున్నాననుకుంటున్నావేమో. మర్నాడే పెద్దాసుపత్రికి తీసుకెళ్లాను. మూడు రోజులు వరసగా పొద్దున్నే కళ్లె పరీక్ష చేయించాను. ఛాతీ ఎక్స్‌రే తీయించాను. ఏమీ లేదు. విన్నావా? ఏమీ లేదు! "ముసలాయన గుండె మీద కొబ్బరికాయ కొట్టొచ్చు, చుట్ట మాత్రం మాన్పించండి" అని ఆ డాక్టరు నవ్వాడు. నాన్న నవ్వలేదు.

చుట్టలు ఆయనే పొయ్యిలో పడేశాడు. దగ్గొస్తే పెరట్లోకి పరిగెత్తుతున్నాడు. పగలంతా వీధరుగు మీద కూర్చుని, పోయే వచ్చే చంటిపిల్లల వంక చూస్తాడు. పక్కింటివాళ్ల బుడ్డోడు గబుక్కున ఒళ్లోకి ఎక్కబోతే లేచి లోపలికి పోయాడు.

తమ్ముణ్ణి పంపించి తీసుకుపో. పంపినదానివి నువ్వు, పిలవాల్సిందీ నువ్వే.

సామ్రాజ్యం

రేపల్లె,
27-7-1986

వదినగారికి,

మీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. మీ కోపం న్యాయమే. కానీ ఆయన్ని ఇప్పుడు తీసుకురాలేను.

మీ కబురు తెనాలి డాక్టరుగారికి చెప్పాను. ఒక్కోసారి కళ్లెలో కనబడదట, ముసలివాళ్లలో దాగి ఉంటుందట. ఎక్స్‌రేలో పాపకి కూడా కాస్త మసకగా ఉందంతే, అదొక్కటే అయితే ఆయనా గట్టిగా చెప్పేవారు కాదు. చెయ్యి అంతలా పొంగి బొబ్బలు కట్టబట్టే జబ్బుందని తేల్చారు. పిల్లకి ఎవరో ఒకరు అంటించారు వదినా. ఇంట్లో మేం ముగ్గురమే పెద్దవాళ్లం. మీ తమ్ముడికీ నాకూ ఎక్స్‌రేలు తీశారు, బాగున్నాయి. మామయ్యగారు కాకపోతే మరెవరు? మీరే చెప్పండి.

రోజూ ఇంజెక్షను వెయ్యడానికి వచ్చే కాంపౌండరు చిన్నయ్య సైకిలు బెల్లు వినపడితే చాలు, పాప మంచం కిందకి దూరుతోంది. కాళ్లు పట్టి లాగి ఎత్తుకురావాల్సింది నేనే. సూది పడుతుంటే "తాతా! తాతా!" అని ఏడుస్తుంది. అమ్మా అని కాదు. ఆ తర్వాత నేను దాని వెనకాల నిలబడి పళ్లెం కింద పడేస్తాను, తిరిగి చూస్తుందా లేదా అని. తిరిగితే బతికాననుకుంటాను. రోజూ ఇదే పని.

మామయ్యగారి చాప కాల్చేశాను. ఆయన గదికి సున్నం కొట్టించాను. మీకు తెలిస్తే బాధపడతారని రాయకూడదనుకున్నాను, కానీ ఎవరో ఒకరు చెబుతారు, నా నోటితోనే వినండి. నాకు ఆయన మీద కోపం లేదు. భయం ఉంది. దానికి మందు లేదు.

రూతు

బాపట్ల,
3-8-1986

రూతూ,

నీ ఉత్తరం అన్నాల వేళకి వచ్చింది. అలవాటు కొద్దీ పైకి చదివేశాను. చాప దగ్గర నాలిక కరుచుకున్నాను కానీ అప్పటికే నాన్న విననే విన్నాడు.

చాపకి ఏమీ అనలేదు. "బొబ్బలు కట్టబట్టే జబ్బని తేల్చారా? ఎక్స్‌రే చూసి కాదా?" అని రెండుసార్లు అడిగాడు. నీ ఉత్తరం తీసుకుని, కళ్లజోడు పెట్టుకుని, ఆ ముక్క తనే చదివాడు. అన్నంలో చెయ్యి కడిగేసుకుని లేచిపోయాడు.

అప్పట్నుంచీ ఆ మనిషి మనిషిగా లేడు. ఏదో అనబోతాడు, మానేస్తాడు. గుచ్చి అడిగితే "పిల్లకి మందు మాన్పకూడదు, అంతే" అంటాడు. ఎవరు మాన్పమన్నారు? నాకేం అర్థం కావట్లేదు. సున్నా గీశాక ఆ రెండు రోజులూ మీ ఇంట్లో ఏం జరిగింది? ఎవరన్నా వచ్చారా? పిల్లకి ఏదైనా పెట్టారా? దాచకుండా రాయి.

సామ్రాజ్యం

రేపల్లె,
7-8-1986

వదినగారికి,

దాచేదేముంది? గురువారం, శుక్రవారం నేను బళ్లో ఉన్నాను. మీ తమ్ముడు ఆఫీసులో ఉన్నారు. పాప మామయ్యగారి దగ్గరే ఉంది. ఏం జరిగిందో ఆయన్నే అడగండి.

నిన్న పళ్లెం పడేస్తే పాప తిరగలేదు. రెండోసారి పడేశాను. అప్పటికీ తిరగలేదు. ముందుకెళ్లి చూస్తే బొమ్మ నోట్లో పెట్టుకుని ఆడుకుంటోంది. మూడోసారికి తిరిగి నా మొహం చూసి నవ్వింది. ఆటలో పడి తిరగలేదో, వినపడక తిరగలేదో నాకు తెలీదు. ఎవర్ని అడగను? డాక్టరుగారు మందు ఆపడానికి వీల్లేదు, జబ్బు మెదడుకి పాకుతుంది అంటున్నారు. వాడితే చెవులు, ఆపితే ప్రాణం. నేనేం చెయ్యను వదినా?

మామయ్యగారికి ఏదైనా తెలిసి చెప్పకపోతే మాత్రం నేను జన్మలో క్షమించను. ఈ మాట పైకి చదవండి.

రూతు

బాపట్ల,
10-8-1986

రూతూ,

ఈ ఉత్తరం పోస్టులో వెయ్యను. మీ అన్నయ్యగారి చేతికిచ్చి పంపుతున్నాను. చదివిన వెంటనే పిల్లని తీసుకుని తెనాలి బయల్దేరు. వంట చెయ్యకు, బడికి కబురంపకు, బయల్దేరు.

నువ్వు రాసింది పైకే చదివాను. పళ్లెం మాట వినగానే నాన్న రెండు చేతులతో తల పట్టుకున్నాడు. అప్పుడు చెప్పాడు.

గురువారం మీ వీధిలోకి చేపల రత్తాలు వచ్చిందట. నిజాంపట్నం వైపు నుంచి వస్తుంది కదా, ఆవిడే. ఆవిడ జబ్బు చేసిన పిల్లలకి ఒంటి మీద జీడి రసంతో గీత పెడుతుందని మీ పేటంతా ఎరుగుదురు. నాన్న అరుగు మీద పిల్లని ఒళ్లో పెట్టుకుని దిగులుగా కూర్చున్నాడట. "ఏంటి మాస్టారూ, పాపకేమైంది?" అందట. మెడలో గడ్డలమ్మా, డాక్టరుగారు చూసి కంగారుపడ్డారు అన్నాడట. ఆవిడ చెయ్యి తిప్పి ఆ సున్నా చూసి, "గడ్డలకి జీడేనండి మరి. డాక్టరుగారే చోటు గీసి పంపారుగా!" అందట. మనవాళ్లు జీడి పెట్టేది చుట్టూ గీతలాగే కదా. నాన్నకీ అదే నిజమనిపించింది. నువ్వు నీళ్లు వద్దన్నావు, గోకొద్దన్నావు. జీడి వద్దని ఎవరూ అనలేదు. ఆవిడ నల్లజీడి గింజని సూదికి గుచ్చి, దీపం మీద కాల్చి, ఆ సున్నా మీదే మళ్లీ సున్నా గీసి, మధ్యలో బొట్టు పెట్టి పోయింది.

రూతూ, చాకలి బట్టల మీద గుర్తు పెట్టే జీడి అది. చర్మం మీద పడితే ఎవరికైనా బొబ్బెక్కుతుంది. సిరా నల్లగా దిగిందని నువ్వు రాసింది సిరా కాదు.

చెయ్యి పొంగడమే పరీక్షని నాన్నకి మొన్నటిదాకా తెలీదు. డాక్టరు ఎక్స్‌రేలో చూశాడనుకున్నాడు. తెలిశాక ఇన్నాళ్లు ఎందుకు నోరు మూసుకున్నావని అరిచాను. నా జన్మలో నాన్న మీద అలా అరవలేదు. ఆయన ఏమన్నాడో వింటావా? "నా మీద నింద పోగొట్టుకోడానికి పిల్ల మందు మాన్పించాడంటారమ్మా. జబ్బు నిజంగానే ఉంటే? నా మాట పట్టుకుని సూదులాపేస్తే, పిల్ల పోతే? దానికంటే నేనిక్కడ ఉండటమే నయం."

నువ్వు క్షమిస్తావో మానతావో నీ ఇష్టం. ముందు పిల్ల సంగతి చూడు.

సామ్రాజ్యం

తెనాలి,
13-8-1986

వదినగారికి,

అన్నయ్యగారు రాగానే బయల్దేరాను. డాక్టరుగారు మొదట నమ్మలేదు. పాప చేతి మీది మచ్చ భూతద్దం పెట్టి చూశారు. తర్వాత, "నా పెన్ను మరకే అనుకున్నానమ్మా. అలా అనుకోబట్టి తుడిచి చూళ్లేదు" అన్నారు. ఆయన మీద అరవాలని వెళ్లాను. అరవలేకపోయాను.

మళ్లీ పరీక్ష పెట్టారు, ఈసారి కుడి చేతికి. నిజంగా జబ్బుంటే ఇన్నాళ్లు మందు వాడినా చెయ్యి పొంగుతుందట. లేకపోతే పొంగదు. శుక్రవారం చూస్తారు. నేను రేపల్లె వెళ్లలేదు. ఆసుపత్రి వెనకాల సత్రంలో ఉన్నాను. పాప కుడి చెయ్యి నా చేతిలోనే ఉంది. ఈ ఉత్తరం కూడా ఒంటి చేత్తోనే రాస్తున్నాను. కాగితం జారిపోతోంది, అక్షరాలు ఇలా ఉన్నందుకు ఏమనుకోకండి.

ఎవరైనా దగ్గరికొచ్చి "పాప చేతికేమైందమ్మా?" అంటే తెచ్చిపెట్టుకున్న నవ్వు నవ్వి దూరం జరుగుతున్నాను. పక్క మంచం ముసలావిడ పసుపు రాయబోతే కసిరాను. పాపం ఆవిడ ఏడ్చింది.

గంటకోసారి చూస్తున్నాను. కాస్త ఎరుపుంది. అది సూది గుచ్చిన ఎరుపో, ఆ ఎరుపో తెలియట్లేదు. ప్రార్థన చెయ్యబోతే మాటలు రావట్లేదు. మీరు చెయ్యండి. మామయ్యగార్ని కూడా చెయ్యమనండి.

15-8-1986

ఈ ఉత్తరం పోస్టు చెయ్యలేదు, ఇందులోనే రాస్తున్నాను. ఇవాళ జెండా పండగ. అయినా డాక్టరుగారు మా కోసం వచ్చారు. చెయ్యి చూశారు, వేలితో తడిమారు. స్కేలు తీశారు, మళ్లీ జేబులో పెట్టేసుకున్నారు. కొలవడానికేమీ లేదు వదినా! ఏమీ లేదు! మళ్లీ ఎక్స్‌రే తీస్తే ఆ మసక కూడా లేదు, అప్పుడు జలుబుందట. మెడలో గడ్డలు తలలో సెగ్గడ్డల వల్ల వచ్చినవేనట. మందులన్నీ ఆపేశారు. చెవుల్ని రకరకాలుగా పరీక్ష చేశారు, బాగానే ఉన్నాయి. వెళ్లిన పని ఇన్నాళ్లకి అయింది. బూస్టర్ సూది వేశారు.

నేను ఆయన బల్ల మీద తల పెట్టుకుని ఏడ్చేశాను. జెండా దగ్గర పంచిన లడ్డూ ఎవరో పాప చేతిలో పెట్టారు. పాప దాన్ని నా జుట్టుకి రాసింది.

మీ తమ్ముణ్ణి వచ్చే ఆదివారం పంపుతున్నాను. మామయ్యగార్ని పంపండి.

రూతు

బాపట్ల,
25-8-1986

రూతూ,

పిల్ల సంగతి చదివి నాన్న మోకాళ్ల మీద పడ్డాడు. లేపడానికి ఇద్దరం కావాల్సొచ్చింది. ఆ రాత్రి రెండోసారి అన్నం పెట్టించుకుని తిన్నాడు.

కానీ తమ్ముడు ఒట్టి చేతులతో తిరిగొచ్చాడు కదా, ఎందుకో వాడు నీకు చెప్పి ఉండడు. వాడు చెప్పడు. నేను చెబుతాను.

"ఇంటికి పద నాన్నా" అంటే, "ఇంటికేంరా, రూతు గుమ్మంలోకే కాఫీ తెస్తుంది. గుడికెలా రాను?" అన్నాడు నాన్న. తమ్ముడు తల దించేశాడు. నాకప్పుడు అర్థమైంది, నా దగ్గర ఏదో దాచారని. కూర్చోబెట్టి ఇద్దర్నీ కక్కించాను.

నాన్న ఇక్కడికి రావడానికి ముందు రోజు ఆదివారం. మీ గుడిలో ఆ రోజు ప్రభు భోజన సంస్కారం. నువ్వు పిల్లతో ఇంట్లో ఉన్నావట. నాన్న ఎప్పట్లాగే మగవాళ్ల వరసలో మొదట వెళ్లి ఆల్టరు దగ్గర మోకరించాడు. పాస్టరుగారు రొట్టె ఇచ్చారు. ద్రాక్షరసం పాత్ర పట్టుకొచ్చి, నాన్న దగ్గర ఆగకుండా పక్కాయన దగ్గరికి పోయారు. సంఘమంతా చూస్తుండగా! నాన్న నోరు తెరుచుకునే ఉన్నాడట. ఆ పొద్దున్నే టీబీ సంగతి పాస్టరుగారి చెవిన వేసింది ఎవరో తెలుసా? నీ మొగుడు. అందరూ ఒకే పాత్రలో తాగుతారు కదా, సంఘం మేలు కోరి చెప్పాడట!

ఇక్కడ మా గుడిలో నాన్న ఆఖరి బల్ల మీద కూర్చుని, సంస్కారం మొదలవ్వగానే బయటికి పోతున్నాడు. దగ్గు వల్లనుకున్నాను నేను, మతిలేనిదాన్ని.

"జబ్బు లేదని డాక్టరు చెప్పాడు, నిజమే. ఆ పాత్రకెవరు చెబుతారమ్మా?" అన్నాడు నాన్న.

సామ్రాజ్యం

రేపల్లె,
28-8-1986

మామయ్యగారికి,

రూతు వందనాలు. మీకు నేను ఎప్పుడూ ఉత్తరం రాయలేదు. రాయాల్సిన అవసరం రాలేదు, ఒకే ఇంట్లో ఉన్నాం కాబట్టి.

గుడిలో జరిగింది నాకు మొన్నటిదాకా తెలీదు. తెలిశాక మీ అబ్బాయితో ఇంతవరకూ మాట్లాడలేదు. అన్నం పెడుతున్నాను, అంతే.

జీడి సంగతి మీరు ముందే చెప్పలేదని నాకు కోపం వచ్చింది. మీరు ఎందుకు చెప్పలేదో చదివాక ఆ కోపం నిలవలేదు. నేను మిమ్మల్ని పంపించింది పాప కోసం. మీరు నోరు మూసుకున్నదీ పాప కోసమే. ఇక మనం ఒకరినొకరు ఏమనుకుంటాం?

సెప్టెంబరు ఏడో తారీఖు ఆదివారం మన గుడిలో సంస్కారం. మీరు రావాలి. శనివారం సాయంత్రం బండికి పాపని ఎత్తుకుని స్టేషనుకి వస్తాను. కంచం, గ్లాసు మోసుకురాకండి. ఇంట్లో చాలా ఉన్నాయి.

మీ కోడలు
రూతు

బాపట్ల,
1-9-1986

అమ్మాయ్ రూతూ,

ఆశీస్సులు. శనివారం వస్తాను. గుడికీ వస్తాను. ఆల్టరు దగ్గరికి వెళ్లేదీ లేనిదీ ఇప్పుడే చెప్పలేను, అక్కడ కాళ్లు ఏమంటాయో చూడాలి.

బర్నబాస్‌తో మాట్లాడు. వాడు పిరికివాడు, చెడ్డవాడు కాడు. పెంచింది మేమే కాబట్టి తెలుసు.

పాపకి నడకలో ఎడం కాలు కాస్త లోపలికి పడుతుండేది. ఇప్పుడు బాగయిందా?

జకరయ్య

రేపల్లె,
7-9-1986

వదినా,

గుడి నుంచి వచ్చి చీర కూడా మార్చుకోకుండా రాస్తున్నాను.

నిన్న స్టేషన్లో మామయ్యగారు దిగి, పాపకి కాస్త దూరంలో ఆగిపోయారు. నేను ముందుకెళ్లి పాపని ఆయన చేతుల్లో పెట్టేశాను. రాత్రి దాకా ఇద్దరూ విడవలేదు. ఇది మీకు సంతోషమని ముందు రాశాను. అసలు సంగతి ఇవాళ్టిది.

పాస్టరుగారికి మీ బాపట్ల ఆసుపత్రి కాగితాలూ తెనాలి కాగితాలూ నిన్న సాయంత్రమే చూపించాను. "మంచిదమ్మా, దేవునికి స్తోత్రం" అన్నారు. అంతా చక్కబడిందనుకున్నాను.

మామయ్యగారు వెళ్లారు వదినా. పంచె సర్దుకుని, మొదటగా వెళ్లి మోకరించారు. ఎప్పుడైతే ఆయన మోకరించారో, మగవాళ్ల వరస కదలడం మానేసింది. ఆల్టరు అంత పొడుగుంటే, ఆయనొక్కరే. బల్లల్లో ఒకరినొకరు చూసుకుంటున్నారు. ఒకాయన పాటల పుస్తకం తిరగేస్తున్నారు. మీ తమ్ముడు లేచి నిలబడ్డారు కానీ అడుగు పడలేదు.

పాస్టరుగారు రొట్టె ఇచ్చారు. పాత్ర ఇచ్చారు. మామయ్యగారు తాగారు. ఆయన గడ్డం మీద ఒక చుక్క పడింది. తర్వాత పాత్ర పట్టుకుని పాస్టరుగారు నిలబడే ఉన్నారు. ఇంకెవరూ రావడం లేదు. హార్మోనియం ఆగిపోయింది. ఆయన వీపు చూస్తున్నాను నేను. ఆ వీపు వంగిపోతోంది వదినా, చూస్తుండగానే వంగిపోతోంది.

మగవాళ్లందరూ అయ్యాకే ఆడవాళ్లు వెళ్లాలని మీకు తెలుసు. మన గుడిలో ఆ పద్ధతి ఎవరూ తప్పింది లేదు. నేను పాపని చంకనేసుకుని లేచాను. మా వైపు నుంచి అటు వైపుకి దాటాను. ఎవరో "ఏంటమ్మా ఇది!" అన్నారు. వెళ్లి మామయ్యగారి పక్కన మోకరించాను. పాప ఆయన గడ్డం మీది చుక్కని వేలితో తుడిచి నోట్లో పెట్టుకుంది.

పాస్టరుగారు నా వంక చూశారు. ఎప్పుడూ చేసేదే, తెల్లగుడ్డ తీసి మామయ్యగారు తాగిన అంచుని తుడవబోయారు.

"తుడవొద్దండి" అన్నాను. గుడంతా వినపడింది. "అక్కడే ఇవ్వండి."

ఇచ్చారు. తాగాను.

రూతు